పేట్లబురుజు దారిలో: నెత్తురు, వంశం, మేనరికం

నయాపూల్ మీదుగా మూసీ దాటి పాతబస్తీలో అడుగుపెట్టేవారికి ఎడమచేతి వైపు సాలార్‌జంగు మ్యూజియం, కుడిచేతి వైపు హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. ఆ గుమ్మటాలను ఆనుకొని పడమటికి సాగే దారి పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికి పోతుంది. పాతబస్తీ పెద్దవాళ్ళు కాన్పుల ఆసుపత్రిని 'జచ్గీఖానా' అనేవారు. ఉర్దూలో జచ్చా అంటే బాలింత. జచ్చా-బచ్చా అంటే తల్లీ బిడ్డా. ఆ మాట మా ఇళ్ళలో నాలుక తిరగక 'జజ్జిఖానా' అయింది. మన తెలుగులో పురుడు అన్న మాటకు కాన్పు అనీ, కాన్పు వలన కలిగే అశౌచమనీ రెండర్థాలున్నాయి. ఆ రెండో అర్థం మూలంగానే పురిటిగదిలో జరిగిన సంగతులు గడప దాటి వచ్చేవి కావు. మగవాళ్ళకు తెలిసేది కాదు, రాతలోకి ఎక్కేది కాదు. వంశవృక్షాలు రాసుకున్న ఇళ్ళలో కూడా తాత ముత్తాతల పేర్లుంటాయే గాని, ఏ ఇల్లాలు ఏ కాన్పులో ఎందుకు పోయిందో ఉండదు. ఈ టపా ఆ రాయని చరిత్రను గురించి.

ముందుగా రాసిన చరిత్ర చెప్పుకుందాం. 1906లో వేల్స్ యువరాజు దంపతులు హైదరాబాదుకు వచ్చినప్పుడు, యువరాణి మేరీ మూసీ ఒడ్డున విక్టోరియా స్మారక జనానా ఆసుపత్రికి పునాదిరాయి వేసింది. విక్టోరియా రాణి అప్పటికి ఐదేళ్ళ కిందట, 1901లో మరణించింది. ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుడైన వైద్యుని ఎదుటికి రారు గనుక వారికై వేరే ఆసుపత్రి ఉండాలన్నది ఉద్దేశం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలమది. అంతకు మునుపే హైదరాబాదు వైద్యచరిత్రలో ఒక పేరు సంపాదించుకొని ఉంది. 1846లో ఇక్కడ వైద్య పాఠశాల మొదలైంది. 1888లోనూ 1889లోనూ ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన క్లోరోఫాం మత్తు సురక్షితమా కాదా అని తేల్చడానికి రెండు కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. రెండవదాని కోసం లండన్‌లోని లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిని పంపేందుకు నిజాం 1000 పౌన్లు ఇచ్చాడు. ఆ రోజుల్లోనే ఈ పాఠశాలలో చదివి, 1889లో ఉత్తీర్ణురాలై, మత్తు ఇవ్వడంలో ఆరితేరిన పార్సీ వనిత రూపాబాయి ఫర్దూంజీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను నేడు చెప్పుకుంటున్నారు.

విక్టోరియా, క్లోరోఫాం, కాన్పు: ఈ మూడింటికీ ఒక ముడి ఉంది. ఆ ముడి విప్పే ముందు మా ఇంటి సంగతి ఒకటి మనవి చేయాలి. అది లేకుంటే నేనీ విషయం జోలికి పోవడానికి కారణం ఉండదు.

మాది గౌలిపురా. మా అక్కయ్యను మా అమ్మ తమ్ముడికే ఇచ్చి చేశారు. ఆ రోజుల్లో ఆడపిల్ల పుట్టగానే 'మా తమ్మునికి పెండ్లాం పుట్టింది' అనడం వింత కాదు. 1973లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, అక్కయ్యకు మూడో కాన్పు వచ్చింది. తొలి రెండు కాన్పుల్లాగే ఇంట్లోనే పురుడు పోసుకుంది. బిడ్డ ఏడ్చింది, మాయ పడింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నెత్తురు మాత్రం ఆగలేదు. మంత్రసాని పొత్తికడుపు మర్దించింది, పాతబట్టలు కుక్కింది, దిష్టి తీసింది. గంటన్నర గడిచాక గాని రిక్షా పిలవలేదు. జచ్గీఖానా మా ఇంటికి దూరమేమీ కాదు. అయినా అక్కయ్య దారిలోనే పోయింది. రిక్షా తొక్కినవాడు పొద్దున వచ్చి బండి కడుక్కోవడానికి మా బావిలో నీళ్ళు అడిగాడు. ఆ నీళ్ళు తోడి పోసింది నేనే.

చావింట్లో పదిమందీ పది మాటలన్నారు. అన్నిటికంటే గట్టిగా నా మనసులో నాటుకున్నది మా మేనత్త మాట: 'మేనమామకిస్తే ఇంతే. రక్తం రక్తం ఒకటైతే నిలవదు.' ఆ మాటను నేను చదువుతో బలపరచుకున్నాను. పండిత శిక్షణ ముగించి ఉపాధ్యాయుణ్ణయ్యాక, ఏళ్ళ తరబడి తొమ్మిదో తరగతి పిల్లలకు మేనరికాల చెడుగు చెప్పేటప్పుడు, పేరు చెప్పకుండా మా అక్కయ్య కథనే ఉదాహరణగా చెప్పేవాణ్ణి. మామయ్యతో మాట్లాడడం మానేశాను. పండక్కి వస్తే పుస్తకం పట్టుకొని మేడ మీదికి పోయేవాణ్ణి. మా అమ్మ మాత్రం వేరే మాట అనేది: 'మా ఇంటాడోళ్ళ నెత్తురు పల్చగుంటది బిడ్డా, మా అమ్మకూ గిట్లనే.' అది చదువురాని మాట అనుకొని నేను చెవిన పెట్టలేదు.

ఇక శాస్త్రం ఏమంటుందో చూద్దాం. నిండు నెలల గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా నెత్తురు ప్రవహిస్తుంది. మాయ ఊడిపడగానే అన్ని నాళాలూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అప్పుడు తల్లిని కాపాడేవి రెండు. మొదటిది గర్భాశయపు కండరం. అల్లిబిల్లిగా పెనవేసుకొన్న దాని పోగులు బిగుసుకొని, నాళాలను ముడి వేసినట్టు నొక్కేస్తాయి. రెండవది నెత్తురు గడ్డకట్టే గుణం. కాన్పు తరువాత అతిగా నెత్తురు పోవడానికి వైద్యులు నాలుగు కారణాలు చెబుతారు: కండరం బిగియకపోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, ఎక్కడో చిరగడం, నెత్తురు గడ్డకట్టకపోవడం. ఇందులో పదింట ఏడు వంతులు మొదటి కారణం వల్లనే. నాలుగవది చాలా అరుదు. కాని ఆ అరుదైన దానిలోనే వంశచరిత్ర స్పష్టంగా దాగి ఉంటుంది.

ఇప్పుడు విక్టోరియా దగ్గరికి పోదాం. 1853 ఏప్రిల్ 7న ఆమె ఎనిమిదవ బిడ్డను కంటున్నప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఆమెకు క్లోరోఫాం ఇచ్చాడు. రాణిగారే పీల్చారన్న వార్తతో పురిటినొప్పులకు మత్తు వాడడంపై అప్పటిదాకా ఉన్న మతపరమైన అభ్యంతరాలు సడలిపోయాయి. అప్పుడు పుట్టిన బిడ్డ లియోపోల్డు. అతడికి హీమోఫీలియా, అంటే నెత్తురు గడ్డకట్టని జబ్బు. ముప్పయ్యేళ్ళ వయసులో, 1884లో, ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో జారిపడి, ఆ దెబ్బకే పోయాడు. విక్టోరియా కూతుళ్ళలో ఆలిస్, బియాట్రిస్ ఇద్దరూ ఆ దోషాన్ని మోసి రష్యా, స్పెయిన్ రాజవంశాలకు చేర్చారు. అంతెందుకు, మన మూసీ ఒడ్డున పునాదిరాయి వేసిన మేరీ యువరాణికి స్వయానా తమ్ముని భార్య ఈ లియోపోల్డు కూతురే. ఆమె కొడుకు రూపర్టు 1907లో పుట్టి, అదే జబ్బుతో, కారు ప్రమాదంలో తగిలిన గాయాల నుంచి కోలుకోలేక 1928లో మరణించాడు.

ఇక్కడ నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. విక్టోరియా తల్లి, ఆమె భర్త ఆల్బర్టు తండ్రి, అన్నాచెల్లెళ్ళు. అంటే మన లెక్కలో ఆల్బర్టు విక్టోరియాకు మేనమామ కొడుకు, వరసకు బావ. 1840లో జరిగిన ఆ పెళ్ళి అచ్చమైన మేనరికం! రాజవంశంలో నెత్తురు జబ్బు వచ్చిందంటే అయినవాళ్ళను చేసుకోవడం వల్లనే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. హీమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి దగ్గర ఆ లోపం ఉంటే చాలు, తండ్రి ఎవరైనా సరే, కొడుకుల్లో సగం మందికి వచ్చే అవకాశం ఉంది. ఆల్బర్టు దూరదేశపు పరాయివాడైనా లియోపోల్డుకు ఆ జబ్బు తప్పేది కాదు. విక్టోరియా తండ్రి వైపు బీజంలో కొత్తగా పుట్టిన మార్పు అది అయివుండవచ్చునని జె.బి.ఎస్. హాల్డేన్ సూచించాడు. చివరకు 2009లో, రష్యాలో తవ్వితీసిన జారు కుటుంబపు ఎముకలను పరీక్షించి, అది గడ్డకట్టే తొమ్మిదో ఫ్యాక్టరుకు సంబంధించిన జన్యుదోషమని తేల్చారు. మరొక మాట. ఈ దోషాన్ని మోసే స్త్రీలు మోయడమే గాని బాధపడరని చాలాకాలం భావించారు. అది కూడా సగం నిజమే. వారిలో కొందరికి ఆ ఫ్యాక్టరు బాగా తక్కువగా ఉంటుంది. కాన్పయ్యాక నెత్తురు ఎక్కువగా పోవచ్చు.

హీమోఫీలియా మగబిడ్డల జబ్బుగా పేరుపడితే, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ సమానంగా పట్టుకొనే జబ్బు మరొకటుంది. బాల్టిక్ సముద్రంలోని ఆలండ్ దీవుల్లో, ఫోగ్లో అనే చోట, యోర్డిస్ అనే ఐదేళ్ళ పిల్లను 1924లో ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ అనే వైద్యుడు పరీక్షించాడు. అది హీమోఫీలియా కాదనీ, ఆ ఇంట్లో ఆడవాళ్ళకే ఎక్కువగా కనిపిస్తోందనీ గమనించి, 1926లో ప్రకటించాడు. అక్కచెల్లెళ్ళు కొందరు పసితనంలోనే నెత్తురు పోయి మరణించారు. యోర్డిస్ కూడా పదమూడేళ్ళ వయసులో, నాలుగో బహిష్టులో పోయింది. ఆమెకున్నది ఆ జబ్బులో అత్యంత తీవ్రమైన రకం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దోషాలు కూడితే వచ్చేది. తేలికపాటి రకాలు చాలావరకు ఒక్కరి నుంచే, తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని సంక్రమిస్తాయి. వీటికి మేనరికంతో పనిలేదు. మగవాడికి వస్తే పన్ను పీకించినప్పుడో, గాయమైనప్పుడో తప్ప తెలియదు. ఆడదానికి నెలనెలా తెలుస్తుంది, కాన్పులో ప్రాణం మీదికి వస్తుంది.

మరి మేనరికానికి ఏ పాపమూ లేదా? ఉంది. దాన్ని సరిగ్గా ఎక్కడ మోపాలో తెలియాలి. రెండు దోషాలు కూడితేనే బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. తీవ్రమైన వాన్ విల్లెబ్రాండ్ జబ్బు, పదమూడో ఫ్యాక్టరు లోపం, రక్తఫలకికలు అతుక్కోని గ్లాంజ్‌మన్ జబ్బు ఆ కోవలోవి. ఒక తాత దగ్గర ఉన్న ఒక్క దోషం రెండు కొమ్మలుగా దిగి, ఆ రెండు కొమ్మల వాళ్ళూ పెళ్ళాడితే బిడ్డలో జతకూడుతుంది. 1952లో బొంబాయిలో కనుగొన్న అరుదైన 'బాంబే' రక్తవర్గం సంగతీ అంతే. ఆ వర్గం తల్లికి కాన్పులో నెత్తురు పోతే అదే వర్గం నెత్తురు తప్ప మరొకటి ఎక్కించడానికి వీలులేదు.

దక్షిణాది వాళ్ళు మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్ళాడతారని బౌధాయన ధర్మసూత్రం ఏనాడో నమోదు చేసింది. అర్జునుడికి సుభద్ర మేనమామ కూతురు. మన మాయాబజారు శశిరేఖ అభిమన్యుడికి మేనమామ కూతురు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి సంబంధాలను నిషేధిస్తూనే ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. పాతబస్తీలోని ముస్లిం కుటుంబాల్లో బాబాయి, పెదనాన్న పిల్లల మధ్య కూడా పెళ్ళిళ్ళు జరుగుతాయి. మనకు వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. వరసలు వేరైనా జన్యువుల లెక్క ఒక్కటే. మేనమామ-మేనకోడలి పెళ్ళిలో ఆ లెక్క రెట్టింపు. దీన్ని తెలుగునాట తొలుత శాస్త్రీయంగా లెక్కించినవారిలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1957లో కలకత్తా వచ్చి స్థిరపడిన హాల్డేన్‌కు ఆయన శిష్యుడు. ఆయనా పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రదేశపు రక్తసంబంధీకుల వివాహాల సంఖ్యనూ ఫలితాలనూ పరిశీలించి 1963లో ప్రకటించారు. విక్టోరియా నెత్తురు మూలం వెతికిన హాల్డేన్ శిష్యుడే మన మేనరికాలను లెక్కించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయితే మేనరికం మానేస్తే సరిపోతుందా అంటే అదీ చాలదని మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న పరిశోధన చెబుతోంది. 2017లో ప్రకటించిన ఆ పరిశీలనలో దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ దిగివచ్చిన జాడ, ఫిన్లాండు వాళ్ళలో కన్నా, అష్కనాజీ యూదుల్లో కన్నా గాఢంగా ఉంది. అంటే వందల ఏళ్ళుగా కులం లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల, చుట్టరికం తెలియనివాళ్ళు కూడా జన్యువుల లెక్కలో చుట్టాలే. దీనికి వాళ్ళిచ్చిన ఉదాహరణ మన వైశ్యులు. మత్తువైద్యంలో వాడే ఒక కండరాల మందును విరిచే ఎంజైము వారిలో కొందరికి పుట్టుకతో లోపిస్తుంది. ఆ మందు ఇస్తే చాలాసేపటి వరకు కండరాలు కదలవు. అందుకే తెలిసిన మత్తువైద్యులు ముందే అడిగి తెలుసుకుంటారు. ఇందులో కులాన్ని కించపరిచేది ఏమీ లేదు, ప్రాణం కాపాడే సమాచారం ఉంది.

అరుదైన జబ్బులు ఏవీ లేని సామాన్య స్త్రీల సంగతో? కాన్పు తరువాతి నెత్తుటి పోటు తల్లికి వస్తే కూతురికి కూడా వచ్చే అవకాశం ఎక్కువా? స్వీడన్‌లో నాలుగున్నర లక్షలకు పైగా కాన్పుల వివరాలు చూసి 2014లో ఒక లెక్క చెప్పారు. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్న తేడాలో 18 శాతం తల్లి జన్యువుల వల్ల, 11 శాతం కడుపులోని బిడ్డ జన్యువుల వల్ల అని. బిడ్డలో తండ్రి పాలు కూడా ఉంటుంది గనుక ఈ విషయంలో పురుషుడు పూర్తిగా బయటివాడు కాడు. 2024లో ప్రకటించిన మరొక పరిశోధనలో ఇలా నెత్తురు పోయిన 21 వేలమందికి పైగా స్త్రీల జన్యువులను, పోని రెండున్నర లక్షల మందికి పైగా స్త్రీలతో పోల్చి, ఐదు చోట్ల తేడాను గుర్తించారు. అందరూ ఐరోపా సంతతి స్త్రీలే. గౌలిపురా, శాలిబండ, యాకుత్‌పురా ఇల్లాళ్ళ నెత్తుటి కథ ఆ పట్టికల్లో లేదు.

మా ఇంటి కథకు వస్తాను. కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి గర్భవతిగా ఉన్నప్పుడు వెంట వెళ్ళాను. వైద్యురాలు అడిగింది: 'మీ కుటుంబంలో ఎవరికైనా కాన్పు తరువాత నెత్తురు ఎక్కువగా పోయిందా? పన్ను పీకినప్పుడు ఆగకపోవడం, ముక్కు నుంచి కారడం ఉన్నాయా?' మా అమ్మాయి నా వైపు చూసింది. అప్పటికి యాభై ఏళ్ళు కావస్తున్నా మేనత్త సంగతి దానికి నేను చెప్పలేదు. కాన్పు చావులు ఆడపిల్లల చెవిన పడకూడదని మా ఇంటి నియమం. ఆ రోజు అక్కయ్యను గురించి, అమ్మమ్మను గురించి, అమ్మ అనే పల్చటి నెత్తురు గురించి చెప్పాను. చెబుతూ ఉండగా మరొకటి గుర్తొచ్చింది. మామయ్య పన్ను పీకించుకున్నప్పుడు మూడు రోజులు నెత్తురు ఆగక మా ఇంట్లోనే పడుకున్నాడు. గడ్డం గీసుకొనేటప్పుడు తెగితే నాకూ తొందరగా ఆగదు.

పరీక్ష చేస్తే మా అమ్మాయికి అంతా సరిగానే ఉందని వచ్చింది. కాని ఆ వైద్యురాలు తృప్తిపడలేదు. గర్భంలో వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టరు సహజంగానే బాగా పెరుగుతుందనీ, లోపం ఉన్నా అప్పుడు దాక్కుంటుందనీ, కాన్పయ్యాక ఒకటి రెండు వారాల్లో మళ్ళీ దిగిపోతుందనీ చెప్పింది. నాకూ పరీక్ష రాసింది. నాది తక్కువగా వచ్చింది. కాన్పు నాటికి నెత్తురు, మందులు సిద్ధంగా ఉంచారు. కాన్పు సుఖంగా జరిగింది. తరువాత రెండు వారాలు కనిపెట్టి ఉన్నారు. కొన్ని నెలలకు పరీక్షిస్తే మా అమ్మాయిది కూడా తక్కువే. తేలికపాటి రకం, ఒక్కరి నుంచి వస్తే చాలినది. అది దానికి వచ్చింది నా నుంచే.

ఆ రాత్రి కూర్చొని లెక్క వేసుకున్నాను. అక్కయ్యను పరీక్షించినవారు లేరు గనుక ఇది రుజువు కాదు, ఊహ మాత్రమే. ఆమె గర్భాశయం బిగియకపోవడం వల్లనే పోయివుండవచ్చు కూడా. కాని ఒక్కటి మాత్రం స్పష్టం. మేనరికపు జన్యుఫలం పెళ్ళాడిన ఇద్దరికీ కలగదు, కలిగితే వాళ్ళ పిల్లలకు కలుగుతుంది. అక్కయ్య నెత్తురు ఎలాంటిదో ఆమె పుట్టినప్పుడే నిర్ణయమైంది. ఆమె ఎవరిని పెళ్ళాడినా అది మారదు. మామయ్యను కట్టుకున్నందువల్ల ప్రమాదం ఉంటే గింటే అది వాళ్ళ పిల్లలకు. ఇద్దరి దోషమూ కూడితే తీవ్రమైన రకం వచ్చేది. అదృష్టవశాత్తూ ఆ ముగ్గురు పిల్లలూ క్షేమంగానే ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఏళ్ళ తరబడి నేను చెప్పిన ముగింపు మంచిదే, కారణం తప్పు. పండితుడు అన్వయం తప్పితే పద్యం చెడుతుంది. నా అన్వయదోషానికి ఒక మనిషి బలి అయ్యాడు. మామయ్య 2011లో పోయాడు. అక్కయ్య పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, ముగ్గురినీ తనే పెంచాడు. ఏ పండక్కీ నేను మేడ దిగలేదు.

అక్కయ్యను నిజంగా పొట్టన పెట్టుకున్నది ఆ గంటన్నర ఆలస్యం. ఇలాంటి నెత్తుటి పోటుకు వైద్యం అందకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. జన్యువు తలుపు తీసిపెడుతుందే గాని లోపలికి తోసేవి వేరే ఉంటాయి: రక్తహీనత, ఆలస్యం, మాటాడకపోవడం. 2019-21 నాటి జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం రక్తహీనులు. ఒంట్లో నెత్తురు తక్కువైన తల్లికి కొద్దిగా పోయినా ఎక్కువే. 2001-03లో దేశంలోని మాతృమరణాల్లో 38 శాతం నెత్తురు పోవడం వల్లనేనని లెక్క తేలింది. అప్పుడు లక్ష కాన్పులకు 301 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి దేశంలో అది 97కు, తెలంగాణలో 43కు దిగింది. ఇది చిన్న సంగతి కాదు. కాన్పు కాగానే ఇచ్చే ఆక్సిటోసిన్ సూది, మన పొరుగునున్న బెళగావి పల్లెల్లో 1620 మంది స్త్రీలపై పరీక్షించి 2006లో ప్రకటించిన మైసోప్రోస్టాల్ మాత్ర, జపాను శాస్త్రవేత్త ఉటాకో ఒకమోటో దంపతులు కనుగొన్న ట్రానెక్సామిక్ ఆమ్లం ఇప్పుడు మనకున్నాయి. ఈ చివరిది మూడు గంటల లోపల ఇస్తే మరణాలు తగ్గుతాయని 20 వేల మంది స్త్రీలపై జరిగిన పరీక్ష 2017లో తేల్చింది. మందులున్నాయి, ఎవరికి ముందుగా సిద్ధం కావాలో చెప్పగలిగిన నోళ్ళే మూసుకొని ఉన్నాయి.

కనుక బ్లాగ్మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీ అమ్మను, అత్తను, పెద్దమ్మను, బతికి ఉన్న అమ్మమ్మను కూర్చోబెట్టి అడగండి. ఎవరికి ఏ కాన్పులో ఎక్కువగా నెత్తురు పోయింది? ఎవరికి నెలసరి మొదటి నుంచీ విపరీతంగా ఉండేది? ఏ పసిబిడ్డకు బొడ్డు ఊడేటప్పుడు నెత్తురు ఆగలేదు? (పదమూడో ఫ్యాక్టరు లోపానికి అది పెద్ద గుర్తు, మామూలు గడ్డకట్టే పరీక్షల్లో అది దొరకదు.) మగవాళ్ళలో ఎవరికి పన్ను పీకితే ఆగలేదు? ఎవరెవరిది మేనరికం? ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, గర్భిణిగా పేరు నమోదు చేయించుకొనే నాడే వైద్యురాలి చేతికివ్వండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. తాతల బిరుదులు రాసుకున్న చేత్తో అమ్మమ్మల కాన్పులు కూడా రాసుకుంటే వంశవృక్షానికి కొత్తగా వేళ్ళు మొలుస్తాయి.

పోయిన నెల పేట్లబురుజు దారిన పోతుంటే ఆసుపత్రి ముందు ఒక ముసలామె చిన్నదాని చెయ్యి పట్టుకొని ఆటో దిగుతూ ఉంది. దింపుతూనే దానితో అంటోంది: 'డాక్టరమ్మకు అన్నీ చెప్పు బిడ్డా, నాకు రెండోసారి ఎట్లయిందో గూడ చెప్పు.' నేను ఆగి నిలబడి, వాళ్ళు గేటు లోపలికి పోయేవరకు చూశాను. మా అమ్మ చెప్పిన మాటను నేను వినలేదు. ఆ చిన్నది వింటోంది.